గోడకి సెప్పీసి ఎలిపోనారు

మా కంచరపాలెంలో నా తుంటరి పనుల్లో నన్ను పట్టుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు. మా మామ్మ సన్యాసమ్మ నాకంటే చాలా ముందే పుట్టింది కాబట్టి ఆమె లెక్కలోకి రాదు. మా అమ్మా నాన్నా, పక్కన కొట్టు నడిపే కోటి బావ, వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన కూడా నాకంటే ముందు పుట్టినవాళ్ళే. నా తర్వాత పుట్టినవాళ్ళలో ఎదురింటి ఇంద్రజ ఒక్కతే పట్టుకుంది. అప్పుడు ఆ పిల్ల ఒకటో తరగతి.

మొన్న కోటి బావ ఫ్రిజ్ మీద "లోపల పాము ఉంది, చల్లగా పడుకుంది, లేపవద్దు" అని కాగితం అంటించింది నేనేనని ఎవరికీ తెలిసేది కాదు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోకుండా ఉండాల్సింది, అంతే.

ఈ ఇంటి సంగతి మాత్రం సరదాకి మొదలుపెట్టింది కాదు.

మా ఇల్లు రైలు పట్టాలకి ఎంత దగ్గరంటే, గూడ్సు బండి డ్రైవరు మా వంటింట్లో ఏం కూరో వాసన చూసి చెప్పగలడు. ఒకసారి ఉప్పు తక్కువైందని హారన్ కూడా కొట్టాడు. పోర్టు వైపు నుంచి బొగ్గు బండి వచ్చిన రోజు నాన్న తెల్ల చొక్కాతో గుమ్మం దిగితే వీధి మలుపు తిరిగేసరికి అది బూడిద రంగు. ఆయన గాజువాక దగ్గర ఒక లారీ ఆఫీసులో పని చేస్తాడు. అక్కడివాళ్ళు ఆయనకి బూడిద రంగంటే ప్రాణమని పుట్టినరోజుకి అదే రంగు చొక్కా కొనిపెట్టారు. ఆ చొక్కా ఇప్పుడు నల్లగా ఉంది.

ఇక గ్లాసులు. మా ఇంట్లో స్టీలు గ్లాసులు వాటంతట అవే నడుస్తాయి. బండి వచ్చినప్పుడల్లా ఇల్లు వణుకుతుంది, గ్లాసు జరుగుతుంది. మామ్మ పడుకునేముందు మంచం పక్కన పెట్టుకున్న మంచినీళ్ళ గ్లాసు తెల్లారేసరికి గడప దగ్గర ఉంటుంది. గడప అడ్డం లేకపోతే ఈపాటికి రేషన్ డిపో ముందు క్యూలో నిలబడి ఉండేది.

మా క్లాసువాడు అశోక్ వాళ్ళు మధురవాడలో లిఫ్టు ఉన్న ఫ్లాట్‌లోకి మారారు. ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను. బల్ల మీద గ్లాసు పెట్టారు. పెట్టినచోటే ఉంది. నేను దాన్నే చాలాసేపు చూశాను. దాహంగా ఉందేమోనని వాళ్ళమ్మ మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసింది. ఇంటికి వస్తూనే నాన్న దగ్గర కూర్చున్నాను.

"నాన్నా, మనం మధురవాడ వెళ్ళిపోదాం. అద్దెకైనా సరే."

"మీ మామ్మ రాదురా. ఆ మనిషిని కదపడం నా వల్లేటి, పోర్టులో క్రేను వల్ల కూడా అవదు."

"అడిగావా?"

"అడగడమెందుకు? నాకు తెల్దేటి? అయినా ఏట్రా ఆ బాస? అడిగావా, వెళ్ళిపోదాం అనీసి. ఇంట్లో ఎవుడో చుట్టం దిగినట్టున్నాది."

భాష సంగతి చెప్పాలి. కాలేజీలో మొదటిరోజు ఏదో మాటలో "సేపలు" అన్నాను. క్లాసంతా నవ్వింది. విజయవాడ నుంచి వచ్చిన ఒకడు నవ్వి నవ్వి బెంచీ కింద పడ్డాడు, సెమిస్టర్ పరీక్షలకి గానీ లేవలేదు. ఇల్లు మార్చడం నా చేతిలో లేదు కదా, ముందు నోరు మార్చుకుందామనుకున్నాను. "నాను" అనడం మానేసి "నేను" అన్నాను. "ఏటి" మానేసి "ఏమిటి" అన్నాను. "స" ఎక్కడ కనబడినా పట్టుకుని "చ" చేశాను. ఈ దాడిలో కొందరు అమాయకులు కూడా దెబ్బతిన్నారు. అమ్మని చబ్బు అడిగాను. కొండ మీద దర్శనం చేసుకుని దిగిన ఫొటో కింద "చింహాచలం" అని స్టేటస్ పెట్టాను. మామ్మకి చదువు రాదు. ఎవరో చదివి చెప్తే విని, "మా గుంటడు పెద్ద సదువు సదూతన్నాడు, అప్పన్న కొండ పేరు కూడా దిద్దీసినాడు" అని వీధంతా చెప్పుకొచ్చింది. పొగుడుతోందో తిడుతోందో ఇప్పటికీ నాకు తెలియదు.

అవతలి వీధిలో ఆ మధ్య కాలవ వెడల్పు చేస్తారని ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఏవో నంబర్లు రాసి వెళ్ళారు. అది చూడగానే నాకు దారి దొరికింది. ఇల్లు ప్రభుత్వమే తీసేస్తానంటే నాన్న తప్పు లేదు, నా తప్పు లేదు. మామ్మ గట్టిగా అరుస్తుంది, మంత్రుల దగ్గర్నుంచి కుళాయి వదిలేవాడి దాకా అందరినీ తిడుతుంది, తర్వాత మధురవాడలో లిఫ్టు ఎక్కుతుంది. ఇంత దయగల మోసం ఈ జిల్లాలో ఎవరూ చేసి ఉండరు.

పొద్దున్న కుళాయి వచ్చే వేళ మా వీధి మొత్తం ఆ చివర ఉంటుంది. నాన్న అప్పటికే ఆఫీసుకి వెళ్ళిపోయి ఉంటాడు. ఆ సమయంలో ఇటువైపు ఏనుగు వచ్చి గోడ మీద సున్నం వేసి వెళ్ళినా ఎవరూ చూడరు. వినాయకుడి పందిరికి వాడగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా తీశాను. గుమ్మం పక్కన గోడ మీద సర్వే నంబరు వేశాను. దాని కింద "తొలగింపు" అని రాశాను. ఆఫీసువాళ్ళ రాతలా ఉండాలని అక్షరం అక్షరం ఆలోచించి దిద్దాను. చివర ఒక బాణం గీశాను. అది ఎటు చూపిస్తోందో నాకే తెలియదు. అందుకే అచ్చం ప్రభుత్వానిదిలా కుదిరింది.

బ్రష్షు కడిగి లోపలికి వచ్చి, పుస్తకం తెరిచి, ఏడుపు కోసం ఎదురుచూశాను.

ముందు కోటి బావ వచ్చాడు. ఏడుపు మొహంతోనే వచ్చాడు, కానీ మా గురించి కాదు.

"రోహితూ, మీ ఇంటికి రాసీసినారు. మా కొట్టుకి ఎందుకు రాయనేదురా?"

నేను పుస్తకం మూశాను.

"నీ కొట్టు తీసేస్తే నష్టం కదా బావా?"

"నట్టమేట్రా. రాసిన ఇంటికి ఫ్లాటు ఇత్తారంట, లిఫ్టుతోటి. నాను పదేళ్ళ బట్టి కాలవ మీదకి జరిపి జరిపి కట్టుకుని వత్తన్నాను. ఒక్కడు సూడనేదు. తీరా రాసీసరికి, రూల్సు ప్రకారం ఉన్నోళ్ళ గోడకి రాసినారు. ఇదేటి నాయం?"

వెనకాలే ఇంకొంతమంది వచ్చారు. మా గోడని చూసిన చూపు, లాటరీ తగిలిన ఇంటిని చూసే చూపు. ఇస్త్రీ ఆయన ఆ రాతని వేలితో తడిమి, "మా ఇల్లు కూడా ఊగుద్ది కదా, మరి మాకేటి తక్కువ" అన్నాడు. ఒకావిడ నాతో ఏమీ అనకుండా మా అమ్మ చెయ్యి పట్టుకుని "అదృట్టం ధనలచ్చిమీ" అని కళ్ళు తుడుచుకుంది. నేను కాలేజీకి బయల్దేరేసరికి కోటి బావ ఇటుక ముక్కతో తన షట్టరు మీద తనే ఒక నంబరు రాసుకుంటున్నాడు.

ఈ వీధిలో ఇల్లు నచ్చనివాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను ఇన్నాళ్ళూ. మిగతావాళ్ళంతా రైలు మోతకి జోకొట్టించుకుని పడుకుంటారనుకున్నాను. వీధి వీధంతా పెట్టె సర్దుకుని కూర్చుందని నాకెవరూ చెప్పలేదు.

మామ్మ అందరికంటే ఆఖరున వచ్చింది, చంకలో నీళ్ళ బిందెతో. జనం పక్కకి తప్పుకున్నారు. ఆమె గోడని చూసింది. చదవడం రాదు కదా, ఏం రాసుందని ఎవరినైనా అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ఆ ఎర్ర రంగుని కాసేపు చూసి, బిందె దించకుండానే లోపలికి వెళ్ళిపోయింది. అరవలేదు, తిట్టలేదు. మామ్మ అరవకపోవడం నేను పుట్టాక అదే మొదలు. నాకు కొంచెం భయం వేసింది. అయినా అనుకున్నది జరుగుతోంది కదా అని బస్సెక్కాను.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి మా ఇంటికి తలుపు లేదు.

నేను ఒకటికి రెండు చెప్పే మనిషినని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అందుకని మళ్ళీ చెప్తున్నాను, ఇది అలాంటిది కాదు. తలుపు లేదు, ద్వారబంధం లేదు, పసుపు రాసిన గడప కూడా లేదు. ఇల్లు ముందుపళ్ళు ఊడిన నోరులా ఉంది. వడ్రంగి సన్యాసిరాజు పలుగు తుడుచుకుంటూ బయటికి వస్తున్నాడు.

"ఏటి సన్యాసిరాజు బాబాయ్ ఇది?" అన్నాను. నోరు మార్చుకున్న సంగతి ఆ క్షణాన మర్చిపోయాను.

"మీ మామ్మ పీకమన్నాది, పీకినాను. వద్దన్నానురా. నోటీసు రానీ, ఇంకా శానా టైమున్నాదని సెప్పినాను. ఇనలేదు. పలుగు నువ్వు ఎత్తుతావా నన్నెత్తమంతావా అన్నాది."

లోపల నట్టింట్లో తలుపు పడుకోబెట్టి ఉంది. మామ్మ తన పాత నేత చీరలు దానికి చుట్టి తాళ్ళతో కట్టింది. ద్వారబంధం ముక్కలు, గడప కూడా విడివిడిగా కట్టలు కట్టి ఉన్నాయి. వంటింట్లో గిన్నెలన్నీ గోనెల్లోకి వెళ్ళిపోయాయి. మామ్మ ఆ తలుపు పక్కన నేల మీద, ఒక చెయ్యి దాని మీద వేసి కూర్చుంది. జ్వరం వచ్చిన పిల్లాడి మీద చెయ్యి వేసినట్టు.

అమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టనేదురా. నాను వద్దంటే నన్ను కూడా గోనిలో పెట్టీసేలా ఉన్నాది" అంది. నవ్వించడానికి అనలేదు.

అప్పుడే నాన్న ఆఫీసు నుంచి వచ్చాడు. తలుపు తీయడానికి అలవాటుగా చెయ్యి చాపాడు, అక్కడ ఏమీ లేదు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"అమ్మా, ఏటిది?"

"ఏటేటి? గోడ మీద రాసినారు కదా. ఎలిపోవాల."

"రాస్తే మాత్రం ఈయాలే ఎలిపోవాలేటి? ఎన్నో రాస్తారు."

"మీ అయ్యా ఇదే మాటన్నాడురా దేవీ." మామ్మ నాన్నని పేరు పెట్టి పిలిచింది, గొంతు మాత్రం ఎత్తలేదు. "ఆ ఊర్లో మా ఇంటి గోడ మీదా ఇలగే ఎర్రగా రాసినారు. మీ అయ్య ఏటన్నాడు? రాస్తారు పోతారు, వానొస్తే అదే పోద్ది అన్నాడు. ఆకరి రోజుదాకా కూకున్నాం. గోడలు పడగొట్టీ మిసను వచ్చీసినాది. బేగి బేగి అన్నారు. నిన్ను సంకనేసుకుని, బిందె, మంచం తెచ్చుకున్నాం. తలుపు ఉండిపోనాది."

మా తాత తవిటయ్యని నేను ఫొటోలోనే చూశాను. ఏదో ఫ్యాక్టరీ కట్టినప్పుడు వాళ్ళ ఊరు పోయిందని నాకు తెలుసు. "మా ఊరు ఇప్పుడు నేదు" అని మామ్మ అంటే, నేను గ్లాసు రేషన్ డిపోకి వెళ్తుందన్నట్టే ఆమె కూడా కొంచెం పెంచి చెప్తోందని అనుకునేవాణ్ణి. ఊరు ఎక్కడికి పోతుంది, ఊరన్నాక అక్కడే ఉంటుంది కదా అని. ఆ గోడ మీదా ఎర్ర రంగే వేశారని నాకు తెలియదు. నిజంగా తెలియదు.

"టేకు తలుపు. నా పెళ్ళికి మా అయ్య అరణం ఇచ్చినాడు" అంది మామ్మ. "ఊరు పోనాదని నాను ఏడవనేదు. అందరిదీ పోనాది కదా. ఆ తలుపు కోసం ఏడిసినాను. ఇక్కడికొచ్చినాక మీ అయ్య ఈ తలుపు సేయించినాడు, ఇంక ఏడవకు అనీసి. ఈపాలి నాను ముందే పీకించీసినాను. ఎక్కడికన్నా పొండి, ఇది నాతోటి వత్తాది."

నాన్న ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు. "నిన్ను ఇక్కణ్ణుంచి ఎవుడూ కదపలేడనుకున్నానమ్మా."

"నన్నెవుడు అడిగినాడు?"

నేను అడిగాను. "అడిగితే?"

"అడిగితే ఎల్దును." మామ్మ నన్ను వింతగా చూసింది. "నాకేటి ఈ రైలు మోత సన్నాయేటి? నా గళాసు కూడా నా పక్కన ఉండదు కదరా. సుబ్బరంగా ఎల్దును. ఒక్కడు నా ఎదర కూకుని, ఎల్దామా సన్యాసమ్మా అని అడగాల. అంతే కదా. అప్పుడూ అడగనేదు, ఇప్పుడూ అడగనేదు. గోడకి సెప్పీసి ఎలిపోనారు."

నేను గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాను. మధురవాడ ఎంత దూరం ఉందో ఆ క్షణాన తెలిసింది. మంచం పక్కన ఒక ప్రశ్న అడిగేంత దూరం. ఆ ప్రశ్న వదిలేసి నేను రంగు డబ్బా తీశాను.

అంతలో గూడ్సు బండి వచ్చింది. నేల వణికింది. మంచం కింద ఉన్న మామ్మ గ్లాసు కదిలి, మెల్లగా గుమ్మం వైపు నడిచింది. గడప ఉండాల్సిన చోట గడప లేదు. గ్లాసు ఆగలేదు. అంచు దాకా వెళ్ళి వీధిలోకి పడి, మెట్ల మీద టంగుమని మోగింది. అందరం చూస్తూనే ఉన్నాం. ఎవరూ పట్టుకోలేదు. నేను అంతకాలం పెంచి చెప్పినదంతా నా కళ్ళముందే నిజమైపోయింది.

ఆ గ్లాసు తీసుకుని ఎదురింటి కామేశ్వరి ఆంటీ లోపలికి వచ్చింది. ఇంద్రజ వాళ్ళమ్మ. వాళ్ళది రాజమండ్రి వైపు. తట్టడానికి తలుపు లేక గోడని తట్టింది. ఆమె వెనకాల కోటి బావ.

"పిన్నిగారండీ, ఏవనుకోకండి. మా ఆయనకి తెలిసినాయన ఒకరు మునిసిపల్ ఆఫీసులో ఉన్నారండి. అసలిది దేనికి రాశారో కనుక్కుందారని, ఫొటో తీసి పంపుదారనుకున్నానండి."

"తియ్యమ్మా" అంది మామ్మ. "ఏటి రాసినారో నాకూ సదివి సెప్పు. పొద్దున్నుంచి అందరూ సూడ్డవే గానీ ఒక్కడు సదివి సెప్పనేదు."

కామేశ్వరి ఆంటీ వీధిలో నిలబడి ఫోన్ పైకెత్తింది. ఎత్తి, ఫొటో తీయకుండా ఆగిపోయింది.

"చర్వే నంబరు అని రాశారండి. చర్వే ఏంటండి?"

"సర్వే కదమ్మా, తెల్దేటి" అన్నాడు కోటి బావ.

"అది తెలుసండి. కానీ ఇక్కడ 'చ' వేశారండి. సర్వేకి 'స' కదండి ఉండాలి. ఆఫీసువాళ్ళు ఇలా రాస్తారంటారా?"

కోటి బావ గోడ దగ్గరికి వెళ్ళి చూశాడు. పొద్దున్నుంచి ఆ గోడ ముందు నిలబడ్డ ఒక్కరికీ అది కనబడలేదు. మా వీధిలో "చ" చూసి "స" అని చదువుకోవడం ఊపిరి పీల్చుకున్నంత తేలిక.

నాన్న తల తిప్పి నా వైపు చూశాడు. అమ్మ చాలా మెల్లగా, దణ్ణం పెట్టుకుంటున్నట్టు, "చింహాచలం" అంది.

"ఇంకోపాలి సదువమ్మా" అంది మామ్మ.

"చర్వే అండి."

మామ్మకి అక్షరాలు రావు. చెవులు మాత్రం ఉన్నాయి. ఆమె తలుపు మీద చెయ్యి తీయలేదు. కళ్ళు మాత్రం నా మీదకి తిప్పింది. కోపం ఉంటే బాగుండేది. ఏమీ అర్థం కానట్టు చూసింది. దెబ్బ తగిలి, అది ఏ వైపు నుంచి తగిలిందో వెతుక్కునే మనిషిలా.

"ఈ కంచరపాలెంలో 'స'ని బతకనియ్యనోడు ఒక్కడే ఉన్నాడు కదరా" అంది.

పొద్దున్నే నాలుగు అబద్ధాలు సిద్ధం చేసి పెట్టుకున్నాను. అందులో ఒకటి చాలా మంచిది, అవతలి వీధిలో రాసినవాళ్ళ మీదకి పోయేది. నోరు తెరిచాను. రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్న కాలేజీ భాషలో ఒక్క మాట కూడా రాలేదు. మామ్మ ఎదురుగా, చీరలు చుట్టిన ఆ తలుపుకి ఇవతల వచ్చి కూర్చున్నాను.

"మామ్మా, గవర్నమెంటోళ్ళు కాదు" అన్నాను. "నిన్నడగాల్సినాది. అడగనేదు. గోడకి సెప్పింది నానే."